ఫస్ట్ ట్రాక్ వీకెండ్‌కి ల్యాప్ టైమర్ వద్దు.. ముందు టార్క్ రెంచ్ కొనండి!

గ్యాడ్జెట్ల గురించి రాసే చోట కూర్చుని "ఈ గ్యాడ్జెట్ కొనొద్దు" అని చెప్పడం కొంచెం ఇబ్బందే. అయినా చెప్తున్నా. పాత స్పోర్ట్స్ కారుని సొంతంగా రీబిల్డ్ చేసి, మొదటిసారి రేస్ ట్రాక్ మీదకి తీసుకెళ్లబోతున్నారా? అయితే జీపీఎస్ ల్యాప్ టైమర్, డేటా లాగర్, డాష్‌బోర్డ్ మీద ఫోన్ మౌంట్.. ఇవేవీ ఆ మొదటి వీకెండ్‌కి అక్కర్లేదు. ఆ డబ్బు బ్రేకులకి, బ్రేక్ ఆయిల్‌కి, ఒక మంచి టార్క్ రెంచ్‌కి పెట్టండి.

నేనేదో టెక్నాలజీ అంటే పడని మనిషిని అనుకోకండి. కొత్త ఫోన్ వచ్చిందంటే బాక్స్ ఓపెన్ చేసేదాకా నిద్రపట్టని టైపే. అందుకే ఈ తప్పు దాదాపు చేసేశాను. ఎందుకు చేయలేదో చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

నా కారు సంగతి

నాది 1992 మోడల్ మజ్దా ఎంఎక్స్-5 మియాటా. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. ఇంజిన్ 1.6 లీటర్లు, పవర్ 116 హార్స్‌పవర్, బరువు సుమారు 1000 కేజీలు. ఇప్పటి లెక్కల్లో ఇది పెద్ద పవరేం కాదు. కానీ తేలికగా ఉంటుంది, పార్ట్స్ దొరుకుతాయి, చెప్పిన మాట వింటుంది. అమెరికాలో ట్రాక్ నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దీంతోనే మొదలుపెట్టడానికి కారణం అదే.

నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. ఈ కారు నా దగ్గరకి వచ్చినప్పుడు ఇంజిన్ లోపల నుంచి టకటకా సౌండ్ వస్తోంది. ముందు ఓనర్ ఆయిల్ సంగతి పట్టించుకోలేదు. రెండేళ్ల పాటు వీకెండ్లలో ఇంటి గ్యారేజీలోనే విప్పి, బేరింగులు, రింగులు, సీళ్లు మార్చి, సస్పెన్షన్ బుష్‌లు మార్చి, బ్రేక్ క్యాలిపర్లు రీబిల్డ్ చేసి, మళ్లీ ఒక్కొక్క బోల్టు బిగించుకుంటూ వచ్చాను. ఒకరోజు కీ తిప్పితే స్టార్ట్ అయింది. ఆ సంతోషంలో విల్లోస్ దగ్గరున్న థండర్‌హిల్ రేస్‌వే పార్క్‌లో మే నెలాఖరు ట్రాక్ వీకెండ్‌కి పేరు ఇచ్చేశాను.

ఇంకా మూడు వారాలు టైముంది. మామూలుగా నేనేం చేస్తానో అదే చేశాను. షాపింగ్ కార్ట్ నింపడం మొదలుపెట్టాను. 25 హెర్ట్జ్ జీపీఎస్ రిసీవర్, యాక్షన్ కెమెరా, రెండు మౌంట్లు, ల్యాప్ టైమింగ్ యాప్ సబ్‌స్క్రిప్షన్. మొత్తం 640 డాలర్లు.

నాన్న అడిగిన ఒక్క ప్రశ్న

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ మెకానిక్‌గా చేశారు. ఇప్పుడు రిటైర్ అయ్యారు. ఆయన దృష్టిలో మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యానే. వీడియో కాల్‌లో కారు చూపించి, కార్ట్‌లో ఉన్న సామాన్ల గురించి ఉత్సాహంగా చెప్తుంటే అంతా విన్నారు. చివర్లో ఒక్కటే అడిగారు.

"అది సరే గానీ, తయారయ్యాక ఎంత దూరం తిప్పావురా?"

"ఇంటి చుట్టుపక్కలే నాన్నా. ఒక అరవై మైళ్లు ఉంటుంది."

"తిరిగొచ్చాక బోల్టులన్నీ మళ్లీ చూశావా?"

"బిగించేటప్పుడే కరెక్ట్‌గా బిగించాను కదా."

"బిగించావు సరే. లారీకి చక్రం మారిస్తే వంద కిలోమీటర్లు పోయి, ఆపి మళ్లీ పానా వేస్తాం. నువ్వు కారు మొత్తం విప్పి కట్టావు. ఒక్కసారి కూడా మళ్లీ చూడలేదా?"

నా దగ్గర సమాధానం లేదు. సమాధానం లేదని ఒప్పుకోవడం ఇష్టం లేక, ఫోన్‌లో చెక్‌లిస్ట్ యాప్ ఓపెన్ చేసి చూపించాను. 140 ఐటమ్స్, అన్నిటికీ పచ్చ టిక్కులు. నాన్న కళ్లజోడు సర్దుకుని, "బాగుంది. ఫోన్‌ని కాదు, పానాని అడుగు" అన్నారు.

టిక్ ఉంది, బిగువు లేదు

ఆ వారమంతా రోజూ ఆఫీస్ అయ్యాక కారు తిప్పాను. మొత్తం 300 మైళ్లు. శనివారం కారుని స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు తీసి, టార్క్ రెంచ్‌తో ఒక్కొక్క బోల్టు చూసుకుంటూ వచ్చాను. సస్పెన్షన్ బోల్టులు టక్, టక్ అని క్లిక్ అవుతున్నాయి. నాన్న చాదస్తం అనుకుంటున్నాను.

కుడివైపు ముందు చక్రం దగ్గరకి వచ్చాను. క్యాలిపర్‌ని పట్టి ఉంచే రెండు బోల్టుల్లో కిందది రెంచ్ వేయగానే తిరిగింది. క్లిక్ రాలేదు. ఇంకా తిరిగింది. దాదాపు అర చుట్టు తిరిగాక అప్పుడు క్లిక్ అంది.

ఏం జరిగిందో కూర్చుని ఆలోచిస్తే గుర్తొచ్చింది. మొదటిసారి ఆ బోల్టుని సరిగ్గానే బిగించి, యాప్‌లో టిక్ పెట్టాను. రెండు వారాల తర్వాత డిస్క్ మార్చడానికి మళ్లీ విప్పాను. రాత్రి పదకొండయింది. చేత్తో బిగించి, మిగతాది రేపు చూద్దాం అని లోపలికి వెళ్లిపోయాను. ఆ రేపు రాలేదు. యాప్‌లో మాత్రం పాత టిక్ అలాగే ఉంది.

ఆ బోల్టు ఊడితే క్యాలిపర్ పక్కకి తిరిగి చక్రం లోపలికి తగులుతుంది. అది ఇంటి పక్క వీధిలో జరిగితే ఒక కథ. ట్రాక్ మీద 160 స్పీడ్‌లో, పక్క సీట్లో నన్ను నమ్మి కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌తో జరిగితే వేరే కథ. ఆ రాత్రి కార్ట్ ఖాళీ చేసేశాను.

రీబిల్డ్ అంటే వెర్షన్ 1.0

ఇక్కడే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లు పొరపాటు పడతాం. రీబిల్డ్ చేసిన కారుని "కొత్త కారు లాంటిది" అనుకుంటాం. నిజానికి కంపెనీ నుంచి వచ్చిన కారుని వేల మంది, వేల గంటలు టెస్ట్ చేసి ఉంటారు. మనం గ్యారేజీలో కట్టిన కారుని ఎవరూ టెస్ట్ చేయలేదు. అది వెర్షన్ 1.0 సాఫ్ట్‌వేర్. బగ్స్ ఉన్నాయా అని అడక్కండి, ఎక్కడున్నాయో వెతకండి. వాటిని ఇంటి దగ్గర నెమ్మదిగా తిరిగేటప్పుడే బయటికి రానివ్వాలి.

ల్యాప్ టైమర్ ఏం కొలుస్తుంది? డ్రైవర్‌ని. మొదటి వీకెండ్‌లో మనం కొలవాల్సింది డ్రైవర్‌ని కాదు, కారుని.

బ్రేకుల మీద పడే లోడ్ ఎంత?

ఒక చిన్న లెక్క చూద్దాం. డ్రైవర్‌తో కలిపి 1050 కేజీల కారు, స్ట్రెయిట్ చివర 160 స్పీడ్ నుంచి 80కి తగ్గిందనుకోండి. ఆ కొద్ది సెకన్లలో పోవాల్సిన శక్తి సుమారు 780 కిలోజౌళ్లు. అంటే రెండున్నర లీటర్ల నీళ్లని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్లేంత వేడి. ఇందులో ఎక్కువ భాగం బ్రేక్ డిస్కులు, ప్యాడ్లలోకే వెళ్తుంది. ఒక్క మలుపుకి ఇంత. థండర్‌హిల్ పెద్ద ట్రాక్ 3 మైళ్లు, 15 మలుపులు. అన్నిచోట్లా ఇంత బ్రేక్ వేయం గానీ, 20 నిమిషాల సెషన్‌లో డిస్కులు పూర్తిగా చల్లబడే టైం దొరకదు.

ఇప్పుడు బ్రేక్ ఆయిల్ సంగతి. ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. స్టాండర్డ్ ప్రకారం డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. రేసింగ్ కోసం అమ్మేవాటిలో కొత్తగా ఉన్నప్పుడు 300 దాటేవి కూడా ఉన్నాయి. ఆయిల్ మరిగితే లైన్లో ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకి తగులుతుంది, కారు ఆగదు.

అందుకే నా లిస్ట్‌లో మొదటి ఖర్చు ఇదే. పాత ఆయిల్ మొత్తం తీసేసి, హై టెంపరేచర్ డాట్ 4 పోసి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీశాను. ట్రాక్ వాడకానికి పనికొచ్చే ప్యాడ్లు వేశాను. కొత్త ప్యాడ్లని వేసిన వెంటనే ట్రాక్ మీదకి తీసుకెళ్లకూడదు. కంపెనీ చెప్పిన పద్ధతిలో రోడ్డు మీద సెట్ చేసుకోవాలి.

మరి ఏ గ్యాడ్జెట్లు కొనాలి?

అసలేమీ కొనొద్దు అనట్లేదు. నేను కొన్నవి ఇవి.

టార్క్ రెంచ్: హాఫ్ ఇంచ్ డ్రైవ్, క్లిక్ టైపు. డిజిటల్ అక్కర్లేదు, ఎండలో స్క్రీన్ చూసే తిప్పలు ఎందుకు? మియాటా చక్రాల నట్లకి 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య బిగువు ఉండాలి. నేను 110 పెట్టుకున్నాను. వాడాక సెట్టింగ్‌ని కిందికి తగ్గించి పెట్టండి. బోల్టులు విప్పడానికి దీన్ని వాడకండి, కాలిబ్రేషన్ పాడవుతుంది.

టైర్ ప్రెషర్ గేజ్: పెట్రోల్ బంకులో గేజ్‌ని నమ్మకండి. మీదంటూ ఒకటి ఉండాలి. వేడెక్కేకొద్దీ ప్రెషర్ పెరుగుతుంది. నేను పొద్దున చల్లగా ఉన్నప్పుడు 28 పీఎస్ఐ పెడితే, మొదటి సెషన్ అయ్యేసరికి 36 చూపించింది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్: కోవిడ్ టైంలో నుదుటి దగ్గర పెట్టిన టైపు కాదు. డిస్కుల వేడి చూడాలంటే కొన్ని వందల డిగ్రీల దాకా చూపించే ఇండస్ట్రియల్ మోడల్ కావాలి. నాలుగు చక్రాల్లో ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉందంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోందని అనుమానించాలి.

పెయింట్ మార్కర్: వీటన్నిటిలో చవకైంది ఇదే, నాకు బాగా నచ్చింది కూడా ఇదే. బోల్టు బిగించాక తల మీద నుంచి పక్క మెటల్ మీదకి ఒక గీత గీయాలి. బోల్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. చార్జింగ్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. బోల్టు విప్పిన ప్రతిసారీ ఆ గీత చెరిపేయాలన్నది మాత్రం నా సొంత అనుభవంతో చెప్తున్న రూల్.

హెల్మెట్: స్నెల్ ఎస్ఏ రేటింగ్ ఉన్నది. ఎమ్ అని ఉంటే అది బైకులకి. చాలా క్లబ్బులు కారు ట్రాక్ డేకి ఎమ్ ఒప్పుకోవు. మియాటా లాంటి ఓపెన్ టాప్ కారైతే రోల్ బార్ కూడా అడుగుతారు. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాక, విండ్‌షీల్డ్ పై అంచు నుంచి రోల్ బార్ దాకా కర్ర పెడితే తల దాని కిందే ఉండాలి.

ఫోన్‌తో చేయొచ్చు కదా?

ఇది మన రీడర్లకి వచ్చే మొదటి డౌట్. ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే లొకేషన్ ఇస్తుంది. 160 స్పీడ్‌లో కారు సెకనుకి 44 మీటర్లు పోతుంది. ఎక్కడ బ్రేక్ వేశామో తెలుసుకోవడానికి ఆ డేటా ఏ మూలకి? 25 హెర్ట్జ్ రిసీవర్ అయితే రెండు మీటర్ల లోపే ఒక రీడింగ్ వస్తుంది, అది వేరే లెవెల్. కానీ మొదటి వీకెండ్ వాడి బ్రేకింగ్ పాయింట్ ప్రతి ల్యాప్‌కీ మారిపోతుంటుంది. అంత ఖచ్చితంగా దేన్ని కొలుస్తాం?

బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెడదామంటే అసలు కుదరదు. అమెరికాలో ఓబీడీ2 తప్పనిసరి అయింది 1996 మోడల్స్ నుంచి. నా 1992 కారులో ఆ పోర్టే లేదు. నీళ్ల టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ ముళ్లే నా టెలిమెట్రీ.

ఇంకోటి, ఫోన్‌కి కూడా ఇది మంచిది కాదు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని ఆపిల్ చెప్తుంది. ఎండలో నిలబెట్టిన ఓపెన్ టాప్ కారు డాష్‌బోర్డ్ ఆ లిమిట్‌ని ఎప్పుడో దాటేస్తుంది. బైక్ ఇంజిన్ల గట్టి వైబ్రేషన్ కెమెరా స్టెబిలైజేషన్‌ని దెబ్బతీయొచ్చని 2021లో ఆపిల్ స్వయంగా హెచ్చరించింది. ఇక మౌంట్ ఊడిందంటే ఆ ఫోన్ పెడల్స్ కింద దొర్లుతుంది. అందుకే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో మొదట చూసేది కారులో వదులుగా ఏమున్నాయనే. బిగించని బ్యాటరీ ఉన్నా వెనక్కి పంపిస్తారు. మియాటాలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, చూడటం మర్చిపోకండి.

వీకెండ్ ఎలా జరిగింది?

శనివారం తెల్లవారుజామున రెండున్నర గంటలు డ్రైవ్ చేసి థండర్‌హిల్ చేరాను. దిగగానే మొదటి పని, చక్రాల నట్లు. కొత్తవాళ్ల గ్రూపులో 20 నిమిషాల సెషన్లు, పక్కన ఇన్‌స్ట్రక్టర్. ముందు కారు చెయ్యి చూపించి దారిస్తేనే దాటాలి. టైమింగ్ వద్దని డ్రైవర్స్ మీటింగ్‌లోనే చెప్పేశారు. ఇది రేస్ కాదు, నేర్చుకునే చోటు అన్నారు. నా 640 డాలర్ల సామాను తెచ్చుకున్నా వాడనిచ్చేవాళ్లు కాదన్నమాట!

ప్రతి సెషన్ తర్వాత ఒకటే రొటీన్. టైర్ ప్రెషర్, డిస్కుల వేడి, ఆయిల్ లెవెల్, కింద ఏమైనా కారుతోందా, గీతలు కదిలాయా. కారు చల్లబడ్డాక నట్లు. శనివారం సాయంత్రం ఒక నట్టు కొంచెం తిరిగింది, అంతే. ఆదివారం పొద్దున రేడియేటర్ పై హోస్ క్లిప్ దగ్గర తడి కనిపించింది. చెక్ చేయకుండా వెళ్లుంటే, ఆ కూలెంట్ ట్రాక్ మీద పడి నా వెనకవాడు జారేవాడు. ఒక సెషన్ వదులుకుని క్లిప్ మార్చాను. గేటు దగ్గర నిలబడి మిగతావాళ్లు తిరుగుతుంటే చూడటం కష్టంగానే అనిపించింది.

ఆదివారం చివరి సెషన్‌లో మాత్రం, రెండేళ్లలో మొదటిసారి, కారు గురించి ఆలోచించడం మానేశాను. ఇన్‌స్ట్రక్టర్ "దూరం చూడు, ఇంకా దూరం చూడు" అంటుంటే చూశాను. మలుపులు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చినట్టు అనిపించింది. నా ల్యాప్ టైం ఎంతో ఇప్పటికీ తెలీదు.

నాతో విభేదించేవాళ్లకి

"కొలవకపోతే మెరుగుపడేదెలా?" అని ఆ రోజు పక్క షెడ్‌లో ఒక కుర్రాడు అడిగాడు. కరెక్టే. నాలుగో, ఐదో వీకెండ్‌కి నేనూ ఆ రిసీవర్ కొంటాను. కెమెరా విషయంలో అయితే కొంచెం తగ్గుతాను కూడా. నా చేతులు స్టీరింగ్ మీద ఏం చేశాయో వీడియో ఉంటే బాగుండేది అనిపించింది. క్లబ్బు ఒప్పుకుంటే, రోల్ బార్‌కి బోల్టుతో బిగించిన కెమెరా ఒకటి పెట్టుకోండి. సక్షన్ కప్పు మాత్రం వద్దు. కానీ ఎదురుగా సెకన్లు కనిపిస్తుంటే మన కాలు మన మాట వినదు. కారు ఇంకా నమ్మకం సంపాదించుకోని రోజున అది అనవసరమైన రిస్క్.

మన దగ్గర చేసేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, కోయంబత్తూరు కారి స్పీడ్‌వే 2.1, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ 5.125. హైదరాబాద్ నుంచి చెన్నైకే 600 కిలోమీటర్ల పైన. కారుని నడుపుకుంటూ వెళ్తే అదే మీ షేక్‌డౌన్ టెస్ట్. చేరగానే ట్రాక్ ఎక్కేయకుండా ముందు పానా తీయండి. మన ఎండలకి బ్రేక్ ఆయిల్, కూలెంట్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బయల్దేరేముందు ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఒకసారి చదవండి. చాలా మామూలు పాలసీల్లో ట్రాక్ మీద జరిగిన డ్యామేజ్‌కి కవర్ ఉండదు.

ఫైనల్‌గా

మొదటి ట్రాక్ వీకెండ్‌కి టార్గెట్ ఒక్కటే పెట్టుకోండి: వెళ్లిన కారులోనే తిరిగి ఇంటికి రావడం. నేను వచ్చాను. ఆదివారం రాత్రి నాన్నకి కాల్ చేస్తే, ఎంత స్పీడ్ పోయావని అడగలేదు.

"ఇంటికొచ్చాక నట్లు చూశావా?" అన్నారు.

లేదు. ఫోన్ పెట్టేసి గ్యారేజీలోకి వెళ్లాను.